కిమ్ నుంచి ఏథెన్స్ దాకా

సూరత్ జిల్లా ఓల్పాడ్ తాలూకాలోని కిమ్‌లో ఉండి పరీక్షకు చదివేవారికి ఒక పోలిక. మనం మండల పరిషత్ అనేదాన్ని గుజరాత్‌లో తాలూకా పంచాయతీ అంటారు. అక్కడ మూడంచెల పంచాయతీ రాజ్ వ్యవస్థ 1963 ఏప్రిల్ 1న మొదలైంది. రాజస్థాన్‌లోని నాగౌర్‌లో 1959 అక్టోబరు 2నే ఆరంభం. అదే ఏడాది దీన్ని అమలు చేసిన రెండో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయింది. ఈ మూడంచెల వ్యవస్థను సిఫారసు చేసిన బల్వంత్‌రాయ్ మెహతా 1963లోనే గుజరాత్ ముఖ్యమంత్రి అయ్యారు. ఇది తరచూ మరిచిపోయే బిట్!

పంచాయతీల్లోలాగే ఊరే పునాది అన్న ఆలోచన ప్రాచీన ఏథెన్స్‌లోనూ ఉండేది. క్రీ.పూ. 508లో క్లీస్తనీస్ అనే నాయకుడు పౌరులను 'డీమ్' అనే ఊళ్లవారీగా నమోదు చేయించి, 10 తెగలుగా కలిపాడు. తెగకు 50 మంది చొప్పున 500 మందితో మండలి. తర్వాతి కాలంలో వీరిని ఓటుతో కాదు, చీటీతో ఎంచేవారు. స్త్రీలకు, బానిసలకు మాత్రం చోటు లేదు.