చప్పుడు కన్నా ముందు బూటు చూడు

సిద్దిపేట



పదిహేనేళ్లు నిండబోతున్న నీ ఆల్టోకు రిజిస్ట్రేషన్ పొడిగించుకునే ముందు రెండు వైపులా యాక్సిళ్లు మార్చేయమని గ్యారేజీలో అన్నారని రాశావు. బండి పాతదైంది కాబట్టి జాయింట్లు అరిగే ఉంటాయన్నది వాళ్ల లెక్క. ఆ లెక్క నాకు ఒప్పుదల కాదు. చక్రం వైపుండే బయటి జాయింటులో ఆరు ఉక్కు గోళీలు, వాటిని పట్టి ఉంచే పంజరం, అవి దొర్లే గాడులు ఉంటాయి. చుట్టూ నల్లటి గ్రీజు, దాన్ని కాపాడే రబ్బరు బూటు. బూటు గట్టిగా ఉన్నన్నాళ్లూ ఆ ఉక్కు బండితో సమానంగా బతకగలదు. బూటు మడతల్లో చీలిక వచ్చిందా, తిరిగే వేగానికి గ్రీజు బయటికి చిమ్ముతుంది, దుమ్మూ వాననీళ్లూ లోపలికి పోతాయి. మన దగ్గర ఎండలకు రబ్బరు పెళుసెక్కుతుంది, వానకాలంలో పొలం బాటల బురద అడుగునంతా పట్టేస్తుంది. అందుకే మొదట చూడాల్సింది బూటును. స్టీరింగు ఒక పక్కకు పూర్తిగా తిప్పి, మడతలు విచ్చుకున్నప్పుడు చూడు. చక్రం లోపలి వైపు రిమ్ము మీద గ్రీజు మరకలు ఉంటే సాక్ష్యం దొరికినట్టే.

చప్పుడు రావట్లేదు కదా, వచ్చినప్పుడు చూద్దాం అంటావేమో. చప్పుడు వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. గాడుల్లో ఉక్కు గుంటలు పడ్డాకే టక్ టక్ మంటుంది. పోయిన ఉక్కును కొత్త గ్రీజు పూడ్చలేదు. బూటు చినిగినా చప్పుడు లేదంటే జాయింటు విప్పి, కడిగి, గాడులు నున్నగా ఉంటే గ్రీజు నింపి కొత్త బూటు వేయించు. అది చిన్న ఖర్చుతో పోయే పని. చప్పుడు మొదలయ్యాక బూటు ఒక్కటే మార్చడం డబ్బు దండగ.

చప్పుళ్లన్నీ ఒకటి కావు. అంబాసిడర్, పద్మిని లాంటి బండ్లలో ఇంజను బలం పొడవాటి షాఫ్టు మీదుగా వెనక చక్రాలకు పోయేది. దాని క్రాసు జాయింటు అరిగితే తిన్నగా బయలుదేరేటప్పుడే ఠక్కుమనేది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో ముందు చక్రాలే లాగే బండి మన ఇళ్ల ముందుకొచ్చింది. ఆ చక్రం లాగుతూనే పక్కకూ తిరగాలి, ఎంత కోణంలోనైనా వేగం ఒకే తీరుగా ఉండాలి. ఆ పని క్రాసుతో కాదు. అందుకే 1920ల్లో ఆల్ఫ్రెడ్ జెప్పా రూపొందించిన గోళీల జాయింటు వాడతారు. దాని అరుగుదల కోణంలో, బరువు మీద బయటపడుతుంది. ఖాళీ మైదానంలో స్టీరింగు పూర్తిగా తిప్పి, మెల్లగా యాక్సిలరేటరు నొక్కుతూ ముందుకూ వెనక్కూ గుండ్రంగా నడుపు. చక్రంతో పాటు టక్ టక్ వేగం పెరిగితే బయటి జాయింటే. రాజీవ్ రహదారి మీద తిన్నగా పోతూ యాక్సిలరేటరు నొక్కినప్పుడు వణికి, వదలగానే ఆగితే గేరుబాక్సు వైపుండే లోపలి జాయింటును అనుమానించు. నొక్కినా వదిలినా ఒకేలా హోరు వస్తుంటే చక్రం బేరింగు సంగతి చూడాలి. కుడికి తిప్పితే చప్పుడు వచ్చిందంటే ఎడమ జాయింటే పోయిందని చాలామంది చెబుతారు. బయటి చక్రం మీద బరువు ఎక్కువన్నది నిజమే గానీ, ఎక్కువ కోణం తిరిగేది లోపలి చక్రం. కాబట్టి ఆ సూత్రాన్ని నమ్మకుండా, పక్కన ఒకరిని నడుస్తూ వినమను.

గ్యారేజీ వాళ్లు జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, యాక్సిలును చేత్తో ఊపి చూపిస్తే కంగారు పడకు. లోపలి జాయింటు లోపలికీ బయటికీ జరగాల్సిందే, సస్పెన్షన్ ఆడేటప్పుడు యాక్సిలు పొడవు సర్దుకునేది దాంతోనే. బయటి జాయింటు పైకీ కిందికీ కదులుతుంటే మాత్రం అరిగినట్టే. అప్పుడు కూడా అరిగిన పక్కే మార్పించు. హబ్బు నట్టు కొత్తది వేయించు, యాక్సిలు తీసినప్పుడు కారిన గేరు ఆయిలు నింపించు.

జాయింటు విరిగితే రెండో పక్క బాగున్నా బండి కదలదు, గేరులో నిలిపినా ఆగదు. టక్ టక్ మంటుంటే పని పూర్తయ్యే దాకా హ్యాండ్ బ్రేకు వేసి, చక్రానికి రాయి అడ్డం పెట్టు, హైదరాబాదుకు పోవాల్సి వస్తే బస్సెక్కు. అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య