మన పేరు – మన ఓటు

మన ఊళ్లో మోతుబరి రైతుకు ఎన్ని ఓట్లు? ఒక్కటే. ఆయన పొలంలో కలుపు తీసే కూలి ఆమెకు ఎన్ని? ఒక్కటే. ఓట్లు లెక్కపెట్టేటప్పుడు ఇది ఆసామి ఓటు, ఇది కూలి ఓటు అని విడదీయరు. రెండింటికీ ఒకే విలువ. దీన్నే రాజకీయ సమానత్వం అంటారు.

ఇది మొదటినుంచీ లేదు. బ్రిటిష్‌వాళ్ల కాలంలో ఆస్తి ఉన్నవాళ్లకు, పన్ను కట్టేవాళ్లకు, చదువుకున్నవాళ్లకే ఎక్కువగా ఓటు ఉండేది. 1950 జనవరి 26న మన రాజ్యాంగం అమలులోకి వచ్చింది. కులం, మతం, ఆస్తి, చదువు, ఆడ, మగ తేడా లేకుండా 21 ఏళ్లు నిండిన పౌరులందరికీ ఓటు వచ్చింది. 1989లో ఆ వయసును 18 ఏళ్లకు తగ్గించారు.

మొదటి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగాయి. అప్పుడు చాలామందికి చదువు రాదు. అందుకని ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టారు. పెట్టె మీద గుర్తు వేశారు. జనం గుర్తు చూసి ఓటు వేశారు.

అయినా కొందరికి ఓటు దక్కలేదు. ఎందుకో తెలుసా? ఓటర్ల జాబితా రాసేటప్పుడు ఉత్తరాది రాష్ట్రాల్లో చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. "ఫలానా ఆయన భార్యను", "ఫలానా వాడి తల్లిని" అన్నారు. సొంత పేరు లేనిదే జాబితాలో ఉంచకూడదని ఎన్నికల సంఘం చెప్పింది. సుమారు 28 లక్షల మంది ఆడవాళ్లను జాబితా నుంచి తీసేశారు. హక్కు ఉండి కూడా ఓటు పోయింది.

ఇప్పుడు మన పంచాయతీ సంగతి చూద్దాం. 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చింది. పంచాయతీల్లో ఆడవాళ్లకు కనీసం మూడోవంతు స్థానాలు ఇచ్చింది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చట్టాలు వాటిని సగానికి పెంచాయి.

కానీ కొన్ని ఊళ్లలో ఏం జరుగుతోంది? గెలిచింది భార్య. కుర్చీలో కూర్చునేది భర్త. మీటింగుకు ఆయనే పోతాడు. తీర్మానాల పుస్తకం ఇంటికి వస్తుంది. వేలు పెట్టి చూపించిన చోట ఆమె సంతకం చేస్తుంది. జనం ఆమెను సర్పంచిగా ఎన్నుకున్నారు. ఆమె మాత్రం మళ్లీ "ఫలానా ఆయన భార్య"గానే మిగిలిపోతోంది.

మరి మనం ఏం చేయాలి?

ఓటర్ల జాబితాలో మన పేరు మనమే చదువుకోవాలి. తప్పుంటే దిద్దించుకోవాలి.

గ్రామసభకు పోవాలి. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. నీళ్ల గురించి, రోడ్డు గురించి, పంచాయతీ డబ్బు గురించి అక్కడ అడగవచ్చు.

వార్డు మెంబరైనా, సర్పంచి అయినా తీర్మానం చదివాకే సంతకం పెట్టాలి. అర్థం కాకపోతే చదివి వినిపించమని కార్యదర్శిని అడగాలి. అడగటం తప్పు కాదు. చదవకుండా పెట్టిన సంతకానికి రేపు జవాబు చెప్పాల్సింది మనమే.

చర్చించండి:

1. మీ వార్డు మెంబరు ఎవరు? మీటింగుకు ఎవరు పోతున్నారు?
2. మీ ఊరి గ్రామసభలో ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటారు? ఎంతమంది మాట్లాడతారు?
3. వచ్చే గ్రామసభలో మీరు ఏం అడగాలనుకుంటున్నారు? ఒక వాక్యం రాయండి. కింద మీ పేరు రాయండి.