పసిహృదయములలో పరమత గౌరవము

శిశువు తన ఇంటి ఆచారమునే లోకాచారముగా భావించును. తన తల్లి విభూతి ధరించును గనుక తల్లులందరును ధరింతురని తలచును. బడిలో చేరి, ప్రక్కన కూర్చున్న బాలుని తలపై టోపీయో, మెడలో శిలువయో చూచిన నాడు అతనికి మొదటి సందేహము పుట్టును: “వారు మనవలె ఎందుకు లేరు?” ఈ ప్రశ్నకు పెద్దలు మాటతో ఇచ్చు సమాధానము కొంతయే, నడవడితో ఇచ్చునదే ఎక్కువ. మొక్కై వంగనిది మానై వంగునా?

ఈ విషయమును విచారించుటకు శ్రీహరికోట తగిన తావు. పులికాట్ సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ నున్న ఈ దీవిని 1969లో రాకెట్ ప్రయోగములకై ఎంపిక చేసిరి. యానాదులు నివసించుచుండిన ఈ ప్రాంతమునకు పలు రాష్ట్రముల నుండి, పలు మతముల ఉద్యోగుల కుటుంబములు చేరినవి. ఇచటి నుండియే 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 వాహనము రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో ప్రవేశపెట్టెను. ఆ ప్రాజెక్టు సంచాలకులు ఎ.పి.జె. అబ్దుల్ కలాం. ఆయన బాల్యమే నేటి పాఠమునకు ఆధారము.

కలాం రామేశ్వరమున ఐదవ తరగతి చదువుచుండగా, ఆలయ ప్రధానార్చకులైన లక్ష్మణశాస్త్రిగారి కుమారుడు రామనాథశాస్త్రి ఆయనకు ప్రాణస్నేహితుడు. ఇరువురును మొదటి వరుసలో కలసి కూర్చుండెడివారు. క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడొకడు అది సహింపక, టోపీ ధరించిన బాలుని వెనుక బల్లకు పంపెను. రామనాథుడు కన్నీరు పెట్టుకొనెను. సంగతి తెలిసిన శాస్త్రిగారు ఆ ఉపాధ్యాయుని పిలిపించి, పసివారి మనస్సులలో విషము నాటవద్దని గట్టిగా మందలించిరి. అతడు పశ్చాత్తాపపడి, కాలక్రమమున మారెను.

ఇచట గమనింపవలసినది ఒకటి కలదు. భేదమును తెచ్చినది పిల్లలు కాదు, గురువు. దానిని తొలగించినవారును పెద్దలే.

శివసుబ్రహ్మణ్య అయ్యరు అను సైన్సు ఉపాధ్యాయుడు కలాంను భోజనమునకు పిలిచెను. ఆచారపరురాలైన ఆయన భార్య వడ్డించుటకు అంగీకరింపలేదు. ఆయన కోపింపక, స్వయముగా వడ్డించి, ప్రక్కన కూర్చుండి భుజించెను. మరుసటి వారము మరల పిలిచెను. ఈసారి ఆ యిల్లాలే బాలుని వంటయింటిలోనికి తీసుకొనిపోయి తన చేతితో వడ్డించెను. ఉపన్యాసము చేయలేని పనిని ఒక విస్తరి చేసినది.

ఇక బోధనా విధానము. చిన్నపిల్లలకు సిద్ధాంతచర్చలు తగవు.

మొదట పండుగలను, పంక్తులను పరిచయము చేయవలెను. రంజాన్ ఉపవాసము, క్రిస్‌మస్, గురుద్వారములో అందరిని ఒకే వరుసలో కూర్చుండబెట్టు లంగరు భోజనము మొదలగునవి బాలురకు సులభముగా అర్థమగును. లంగరును విన్నచో మన యింటి బిడ్డకు దాసోహము తలపునకు వచ్చును. నెల్లూరులో మొహరము దినములలో బారాషహీద్ దర్గా చెంత, స్వర్ణాల చెరువున జరుగు రొట్టెల పండుగకు అన్ని మతములవారును వత్తురు. కోరిక తీరినవారు రొట్టె నిత్తురు. కోరిక గలవారు పుచ్చుకొందురు. ఇచ్చు చేయి ఏ మతమునకు చెందినదని ఎవరును అడుగరు.

రెండవది, ఏ మతమును గూర్చి చెప్పినను, ఆ మతస్థుడు విని “ఔను, మాది ఇదియే” అనునట్లు చెప్పవలెను. మూడవది, మతములను తూచి హెచ్చుతగ్గులు నిర్ణయింపరాదు. ఎగతాళిని వెంటనే వారింపవలెను. నాలుగవది, బలవంతము కూడదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడచు విద్యాసంస్థలలో మతబోధ కూడదని రాజ్యాంగము 28వ అధికరణమున చెప్పినది. అయితే మతబోధ వేరు, మతములను గూర్చిన పరిజ్ఞానము వేరు అని 1964-66 నాటి కొఠారీ కమిషన్ వివరించినది. ఈ రెండవదియే మనకు కావలసినది.

ఇతర మతములను తెలిసికొన్న బిడ్డ స్వమతమును విడుచునేమో యని కొందరు తల్లిదండ్రులు శంకింతురు. లక్ష్మణశాస్త్రిగారు అర్చన మానలేదు. కలాం తండ్రి నమాజు మానలేదు. తన వేరు గట్టిగా నున్న చెట్టు ప్రక్క చెట్టు నీడకు భయపడదు. అరచేతిలో ఇష్టలింగమును నిలిపి పూజించు బాలునికి, మరియొకడు మోకరిల్లుటయు పూజయే యని తెలియుట కష్టము కాదు.

శ్రీహరికోటకు పడమరగా నున్న శ్రీకాళహస్తిలో బోయ కన్నప్ప మాంసము నివేదించగా, అర్చకుడు అపచారమని కుమిలెను. కన్ను పెకలించి యిచ్చు వేళ గాని ఆ భక్తి లోతు బయటపడలేదు. పరుల ఆరాధనను చూచినపుడు తొందరపడి తీర్పు చెప్పరాదని ఈ కథతోనే బిడ్డలకు నేర్పవచ్చును.

మననము చేయవలసిన ప్రశ్నలు
1. రామనాథుడు ఎందుకు ఏడ్చెను?
2. అయ్యరు భార్య మనస్సును మార్చినది ఏది?
3. నీ తరగతిలోని మిత్రుని పండుగ యేది? దానిని గూర్చి అతనినే అడిగి తెలిసికొనుము.