ముగ్ధభక్తి : పెద్దలు మరల నేర్వవలసిన పాఠము

ఒక శివరాత్రి నాటి సాయంకాలము నాలుగేండ్ల బాలుడొకడు తాతగారి చేయి పట్టుకొని శివాలయములో నంది యెదుట నిలిచెను. కొంతసేపు నంది వంకను, గర్భగుడి వంకను మార్చి మార్చి చూచి, "తాతా! నంది ఎప్పుడూ స్వామినే చూస్తూ కూర్చుంటాడు గదా, కాళ్లు తిమ్మిరెక్కవా?" అని అడిగెను. తాతగారు నిత్యము లింగార్చన తప్పని ఆచారవంతుడు. ఆయన చుట్టును చూచి, ఎవరైన వినిరేమో యని సిగ్గుపడి, "అది రాయిరా, ఊరుకో" అని మందలించెను. బాలుడు ఊరకుండెను. మరల ఆ ప్రశ్న అడుగలేదు.

తాతగారు చెడ్డవారు కారు. కాని ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. బాలుని కన్నులకు అంతవరకు నంది ప్రాణముతో నుండెను. తాతగారి మాటతో రాయి యాయెను. తాతగారికి మాత్రము ఆ నంది ఎన్నడో, ఏ పెద్దల మందలింపుతోనో రాయియైపోయి యుండును. ఆయన ప్రతిదినము చేయుచున్న పూజలో నియమలోపము లేదు. కాని ఆశ్చర్యమును లేదు. పోయిన ఆ ఆశ్చర్యమును పెద్దవయసులో మరల పొందుటకు ఉపాయము కలదా యనునదే ఈ పాఠమునకు విషయము.

లోపలి తీర్పరి

వయసు వచ్చిన ప్రతి మనుష్యుని లోపల ఒక తీర్పరి కూర్చుండి యుండును. మఠములో భజన జరుగుచుండగా వెనుక వరుసలోని గృహస్థుడు పెదవులు మాత్రము కదల్చును, గొంతు విప్పడు. "నీ గొంతు బాగుండదు" అని చిన్ననాడు ఎవరో అనిన మాట ముప్పది యేండ్ల తరువాతను ఆయన కంఠమును పట్టుకొనియే యున్నది. అన్నవారు ఆ మాటను మరచిరి, తీర్పరి మరువలేదు. మనుమరాలు తొక్కుడుబిళ్ల ఆడుదము రమ్మని పిలువగా, కాళ్లలో ఓపిక ఉండియు, "నలుగురు చూచిన ఏమనుకొందురు?" అని అవ్వ గడపలోనే నిలిచిపోవును. ఉద్యోగము విరమించిన వానికి మృదంగము నేర్వవలెనని కోరిక కలుగును, "ఈ వయసులోనా?" అను ప్రశ్న గురువుగారి ఇల్లు చేరకముందే ఆయనను వెనుకకు త్రిప్పును.

ఈ తీర్పరి మొదట మేలు చేయుటకే వచ్చినవాడు. బాలుడు నిప్పు ముట్టకుండ, బడిలో తప్పు వ్రాయకుండ, పెద్దల యెదుట అమర్యాదగా మాటలాడకుండ కాపాడినవాడు అతడే. కాని పని తీరిన తరువాత లేచిపోడు. ఏకై వచ్చి మేకై కూర్చున్నట్లు, కావలివాడుగా వచ్చి యజమానియై యింటినంతయు ఏలుచుండును.

ముగ్ధుడు వేరు, మూఢుడు వేరు

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ఏడు ఆశ్వాసములుగా ద్విపదలో రచించెను. బసవేశ్వరుని చరిత్రతో పాటు అందులో అనేకులగు భక్తుల కథలు చేరినవి. వానిలో ముగ్ధభక్తుల కథలకొక ప్రత్యేకస్థానము కలదు. ముగ్ధుడనగా తెలివిలేనివాడని కొందరు తలంతురు. అది సరికాదు. మూఢుడు తనకు తెలియనిదానిని తెలియునని పట్టుపట్టును. ముగ్ధుడు విన్నమాటను మొదటిసారి విన్నట్లే వినును. చూచినదానిని మొదటిసారి చూచినట్లే చూచును. మూఢుని మనస్సునకు తలుపు మూసియుండును. ముగ్ధుని మనస్సునకు తలుపు తెరచియుండును.

రుద్రపశుపతి కథ ఇందుకు నిదర్శనము. శివుడు హాలాహలమును మ్రింగెనని పురాణములో వినగానే ఆయన గుండె పగిలెను. విషము త్రాగినవాడు బ్రతుకునా? ఇందరు దేవతలుండియు ఒక్కరైన వలదనలేదా? అని దుఃఖించి, స్వామికి అపాయము కలుగకముందే తాను ప్రాణము విడుతునని నీటిలో దిగెను. శివుడు ప్రత్యక్షమై తనకేమియు కాలేదని చెప్పినను నమ్మక, విషమును ఉమిసివేయుమనియే పట్టుపట్టెను. తుదకు స్వామి ఆయనను తన తొడపై కూర్చుండబెట్టుకొని, కంఠములో విషము నిలిచియున్నదో దిగుచున్నదో చూచుచుండుమనవలసి వచ్చెను.

గరళకంఠుడను నామమును దినమునకెన్నిసార్లో పలుకువారు గలరు. ఆ నామములో ఒక గొంతుక, దానిలో ఒక మంట కలదని తోచినవారెందరు? రుద్రపశుపతికి తెలిసి మనకు తెలియనిది ఏదియు లేదు. విన్నది ఒక్కటే కథ. ఆయన విన్నాడు, తక్కినవారు "ఇది తెలిసినదే" అనుకొనిరి. "తెలిసినదే" అనునది తీర్పరి పలుకు మొదటి మాట. ఆ మాటతో ఆశ్చర్యము అంతరించును.

ఆట అబద్ధము కాదు

బెజ్జమహాదేవి చిన్నపిల్ల కాదు. వయసు వచ్చిన స్త్రీ. ఆమెకొకనాడు ఒక ఆలోచన కలిగెను. శివునికి తండ్రి లేకపోయిన పోనిమ్ము, తల్లియైన లేదు గదా! తల్లియున్నచో బిడ్డను బిచ్చమెత్త నిచ్చునా? జడలు కట్టనిచ్చునా? విషము త్రాగనిచ్చునా? ఇట్లు జాలిపడి, తానే తల్లియై, లింగమును బిడ్డగా ఎంచి తలంటి, నీళ్లు పోసి, కాటుక దిద్ది, పాలు పట్టి పెంచెను. స్వామి ఆమెను పరీక్షింపగోరి పాలు త్రాగలేని జబ్బు వచ్చినట్లు నటింపగా, బిడ్డ బాధను చూడలేక ఆమె తన ప్రాణములనే విడువబూనెను. అప్పుడు శివుడు ప్రత్యక్షమై అనుగ్రహించెను. శివునకు తల్లియైనందున ఆమెకు అమ్మవ్వ అను పేరు నిలిచెను.

ఇది ఆటయా, భక్తియా? ఆట అనగా అబద్ధమని పెద్దలు తలంతురు. బొమ్మకు అన్నము పెట్టు బాలిక అది బొమ్మయని ఎరుగనిది కాదు. ఎరిగియు తన ప్రేమనంతయు అందులో పెట్టును. ఆటలో ఫలాపేక్ష లేదు, పరులకు చూపుట లేదు, చేయుటయే ఆనందము. అందుచేతనే పెద్దలు భగవంతుని కార్యములకు లీల యని పేరు పెట్టిరి. 15వ శతాబ్దమున చామరసు కన్నడములో అల్లమప్రభువు చరిత్రను రచించి దానికి ప్రభులింగలీల యనియే నామకరణము చేసెను. దేవుడు చేసిన లీలయని, మనుష్యుడు చేసిన పిల్లచేష్టయని ఎంచుట న్యాయము కాదు.

గొడగూచి తండ్రి

మూడవ కథ కొంత కఠినమైనది. గొడగూచి యను బాలిక తండ్రి దినమును స్వామికి పాలు నివేదించువాడు. ఆయన ఊరికి పోవుచు ఆ పనిని కూతురునకు అప్పగించెను. ఆమె పాలు కొనిపోయి లింగము ముందుంచెను. స్వామి త్రాగలేదు. బాలిక కలతపడెను. పాలలో లోపమా? తనపై కోపమా? తండ్రి వచ్చి అడిగిన ఏమి చెప్పవలెను? బతిమాలి, ఏడ్చి, తుదకు తల బ్రద్దలు కొట్టుకొనబోగా శివుడు ఆ పాలు త్రాగెను. నాటినుండి దినమును త్రాగుచుండెను.

తండ్రి తిరిగి వచ్చి పాలేవియని అడిగెను. "స్వామి త్రాగినాడు" అని ఆమె చెప్పెను. ఆయన నమ్మలేదు. తన యెదుట త్రాగించుమని వెంటవచ్చెను. ఆయన చూచుచుండగా స్వామి త్రాగలేదు. కూతురు అబద్ధమాడినదని తండ్రి కొట్టబోయెను. బాలిక భయపడి లింగమును శరణుజొచ్చెను. లింగము ఆమెను తనలో చేర్చుకొనెను. తండ్రికి కూతురు దక్కలేదు.

ఈ తండ్రి నాస్తికుడు కాడు, నిష్ఠగలవాడు. ఎన్ని యేండ్లు పాలు నివేదించెనో! కాని స్వామి త్రాగునని ఒక్కనాడైన ఎదురుచూడలేదు. గిన్నెతో తెచ్చిన పాలను గిన్నెతోనే తీసికొనిపోవుట ఆయనకు పూజ. త్రాగుననుకొనుట బాలికకు పూజ. ప్రతి పెద్దమనిషి లోపలను ఒక గొడగూచి, ఒక తండ్రి కలరు. తండ్రి చేయి యెత్తిననాడు గొడగూచి రాతిలో దాగికొనును. తరువాత ఎంత పిలిచినను పలుకదు. కొందరి యిండ్లలో ఈ కథ లోపలనే కాక వెలుపలను జరుగుచున్నది. పిల్లలు ప్రశ్నలడుగుట మానివేసినపుడు ఇల్లు నిశ్శబ్దముగా, క్రమశిక్షణతో ఉన్నదని తండ్రులు సంతసింతురు. ఆ నిశ్శబ్దము ఎట్టిదో గొడగూచి తండ్రి నడిగిన చెప్పును.

లెక్క ఎచ్చట, పాట ఎచ్చట?

అయినచో తీర్పరిని పూర్తిగా వెళ్లగొట్టవలెనా? వలదు. ఇందుకు బసవేశ్వరుని జీవితమే ప్రమాణము. 12వ శతాబ్దమున కల్యాణములో ఆయన బిజ్జలుని భండారి. భండారములో ధనము తగ్గినదని గిట్టనివారు కొండెములు చెప్పగా, లెక్కింపించి చూచిన ధనమంతయు సరిగా ఉండెనని పురాణగాథ. లెక్కలో అంత నిక్కచ్చిగా ఉన్న ఆ మహనీయుడే ఒక వచనములో తనకు తాళమానములు తెలియవనియు, స్వామికి దానివలన కొరత లేదు గనుక తనకు ప్రియమైనట్లు పాడుదుననియు భావము వెలిబుచ్చెను. లెక్క తప్పరాని చోట లెక్క. లెక్క అక్కరలేని చోట పాట. భండారములో కూర్చుండవలసిన తీర్పరిని భజనలోనికి తీసికొనివచ్చుటయే మనము చేయు పొరపాటు.

ఆత్మవిమర్శ మాటయు ఇట్టిదే. బసవేశ్వరుడు తన మనస్సును కొమ్మనుండి కొమ్మకు దూకు కోతితో పోల్చి నిందించుకొనెను. కాని ఆ నింద స్వామి ముందు విప్పి చెప్పుకొన్నది. అందులో క్షమింపబడుదుమను ఆశ కలదు. తీర్పరి చేయు నింద చీకటిలో తనకు తానే వల్లించుకొనునది. అందులో ఆశ లేదు. మొదటిది మనిషిని కడుగును, రెండవది కట్టివేయును. సోమనాథుడును తీర్పరులకు వెరచినవాడు కాడు. సంస్కృతపదభూయిష్ఠమగు రచనకే గౌరవమున్న దినములలో జాను తెనుగును, ద్విపదను చేపట్టెను. వెరచియుండినచో గొడగూచి కథ తెలుగువారికి ఈ రూపమున దక్కెడిది కాదు.

నేటి శాస్త్రజ్ఞులును ఈ విషయమును మరియొక త్రోవను పరిశీలించిరి. 2008లో ఛార్లెస్ లింబ్, అలెన్ బ్రౌన్ అను ఇద్దరు ఆరుగురు జాజ్ పియానో విద్వాంసులను ఎం.ఆర్.ఐ. యంత్రములో ఉంచి, కంఠస్థమైన పాటను వాయించునపుడును, అప్పటికప్పుడు కల్పించి వాయించునపుడును మెదడు పనిచేయు తీరును పోల్చి చూచిరి. మనోధర్మముతో వాయించుచుండగా, తన్ను తాను కనిపెట్టి సరిదిద్దుకొనుటకు సంబంధించిన ముందుభాగములు కొన్ని నెమ్మదించుట కనబడెను. పరీక్షింపబడినవారు కొందరే, కాని ఇచ్చట తెలియదగినది ఒకటి కలదు. వారు లెక్క తెలియనివారు కారు. ఏండ్ల తరబడి సాధన చేసి, సమయము వచ్చినపుడు లెక్కను ప్రక్కకు జరుపగలిగినవారు.

అభ్యాసము

1. పూజలో ఇష్టలింగమును కరస్థలమున ఉంచుకొన్నపుడు, మంత్రము మొదలిడక ముందు కొన్ని క్షణములు ఊరక చూడవలెను. దాని చల్లదనము, బరువు, నల్లని నునుపుపై కదలు దీపపు వెలుగు, ఇవి నేడే మొదటిసారి తెలిసినట్లు గమనింపవలెను.

2. పిల్లలు వింత ప్రశ్న వేసినపుడు వెంటనే బదులు చెప్పక, "నీకేమనిపిస్తున్నది?" అని అడుగవలెను. సమాధానమును నవ్వక వినవలెను.

3. దినమునకు పావుగంట లాభములేని పని యొకటి చేయవలెను. వామనగుంటలు, పులిజూదము, బొంగరము, చుక్కలు పెట్టక వేసిన ముగ్గు, ఏదైనను సరియే. అది ఎవరికిని చూపవలసిన పని కాకుండుట ముఖ్యము.

4. తీర్పరి పలికినపుడు ఆ గొంతు ఎవరిదో పోల్చుకొనవలెను. పోట్లాడవలదు. "అయ్యా, లెక్కలవేళ పిలిచెదను, అంతవరకు విశ్రమింపుడు" అని గౌరవముతోనే చెప్పవలెను.

5. వచ్చు సోమవారము భజనలో ఒక్క చరణమైనను గొంతు విప్పి పాడవలెను.

ఇవి ఒకనాటితో ఫలించునవి కావు. తాతగారు కొన్ని వారముల తరువాత మనుమని మరల గుడికి తీసికొనిపోయిరి. నంది యెదుట నిలిచి, "ఏరా, నందికి కాళ్లు తిమ్మిరెక్కితే ఏం చేద్దాం?" అని అడిగిరి. బాలుడు వెంటనే పలుకలేదు. ఇది నిజముగా అడుగుటయా, లేక మరల మందలింపా యని ముందు తాతగారి ముఖము వంక చూచెను. ఆ చూపు తాతగారికి ఏ ఉపన్యాసము కంటెను ఎక్కువ చెప్పెను. ఆయన మరేమియు అనక వేచియుండిరి. కొంతసేపటికి బాలుడు వంగి, తన చిన్నచేతులతో నంది పాదమును ఒత్తసాగెను. తాతగారు ఒకసారి చుట్టును చూచిరి. చూచువారు ఇద్దరు ముగ్గురుండిరి. అయినను వంగి, రెండవ పాదము పట్టుకొనిరి.