మగ్గం ఆగేది దీపావళికి, మనసు లాగేది దసరాకి
సందేహాలు - సమాధానాలు

ఈసారి శీర్షికను సూరత్ తెలుగు కుటుంబాలకే కేటాయిస్తున్నాం. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి తరాలుగా అక్కడి పవర్‌లూమ్‌లకు వెళ్ళినవాళ్ళు, హజీరా ప్లాంట్లలో ఉద్యోగాలకు వెళ్ళినవాళ్ళు రాసిన ఉత్తరాల్లో కనిపించేది ఒకటే ఇబ్బంది. ఇంటి పండుగ ఒక నెలలో వస్తే, పనికి విరామం మరో నెలలో వస్తోంది.

సందేహం: మాది సిరిసిల్ల దగ్గర పల్లె. పెండ్లయి పదకొండేండ్లు, సూరత్ లింబాయత్‌లో ఉంటున్నం. మా ఆయనకు మగ్గాల ఖాతాలో పన్నెండు గంటల డ్యూటీ. దసరాకు సేఠ్ ఒక్కరోజు కంటే ఎక్కువ సెలవివ్వడు. సద్దుల బతుకమ్మకు కూడా కోడలు రాకపోతే ఎట్లని అత్తమ్మ ఫోన్ల ఏడుస్తది. ఈయనేమో ‘పిల్లల్ని తీస్కొని నువ్వే పో’ అంటడు. ఈయనకు ఊరి మీద ప్రేమ లేదా అనిపిస్తుంది.
- ఒక సోదరి, లింబాయత్

సమాధానం: చెల్లెమ్మా, ముందు ఆ చివరి మాట మనసులోంచి తీసెయ్యి. దసరా దశమి నాడు, దీపావళి అమావాస్య నాడు. మధ్యలో ఉన్న ఆ ఇరవై రోజులే సూరత్ బట్టల వ్యాపారానికి ఏడాదిలో ఊపిరి తిరగని రోజులు. దేశం నలుమూలల దుకాణాలకు దీపావళి సరుకు, ఆ వెంటనే పెళ్ళిళ్ళ సరుకు రింగ్‌రోడ్ మార్కెట్ల నుంచే పోతుంది. మగ్గం మీద దిగిన గ్రే బట్ట పాండేసరా, సచిన్ మిల్లుల్లో రంగు, ప్రింటు వేయించుకుని మార్కెట్‌కు చేరాలంటే ఒక్కరోజు మగ్గం ఆగినా సేఠ్‌కు నష్టమే. ఆ సమయంలో నాలుగు రోజులు వెళ్ళొచ్చిన కారీగర్ మగ్గాలు ఇంకొకరి చేతికి పోతాయి. మీ ఆయన భయం అదే. మగవాళ్ళు ఈ భయాన్ని నోరు తెరిచి చెప్పరు, ‘నువ్వే పో’ అని విసుక్కుంటారు.

దీపావళి దాటాక అంతా తలకిందులు. మిల్లు కార్మికులు ఊళ్ళకు పోతారు, మార్కెట్ లాభపంచమి దాకా తెరవదు, మగ్గాలు రెండు మూడు వారాలు ఆగుతాయి. గుజరాత్ బడులకు 21 రోజుల సెలవులూ అప్పుడే. దసరాకు పిల్లల్ని తీసుకెళ్తే వాళ్ళ బడి, మొదటి సెమిస్టర్ పరీక్షలు రెండూ దెబ్బతింటాయి. అందుకే నా సలహా స్పష్టంగా చెబుతున్నాను: దసరాకు పరుగెత్తవద్దు, ఏటా మీరు ఊరికి పోయేది దీపావళికే అని తేల్చుకోండి. ఒక్కరోజు సెలవుకు రానుపోను రెండు రోజుల ప్రయాణం చేసి, పండుగనాడు కునికిపాట్లు పడే మనిషిని చూసి అత్తమ్మ కూడా సంతోషించదు.

ఈ సంగతి అత్తమ్మకు చెప్పాల్సింది నువ్వు కాదు, ఆమె కొడుకు. చెప్పాల్సింది ఎంగిలిపూల ముందురోజు కాదు, శ్రావణంలోనే. “అమ్మా, ఈసారి దసరాకు రాము, దీపావళికి వచ్చి రెండు వారాలు ఉంటం” అన్న మాట కొడుకు నోట ముందే వింటే ఆ తల్లి వాడకట్టులో చెప్పుకోవడానికి ఒక జవాబు ఉంటుంది. ‘నీ కోడలు రాలేదా’ అని నలుగురూ అడిగినప్పుడు ఏం చెప్పాలో తెలియక ఆమె ఎక్కువ నలిగిపోతోందని నాకనిపిస్తోంది. దసరానాడు పంచుకునే జమ్మిని మీ కోసం దేవుడి దగ్గర దాచమని అడగండి. దీపావళికి వెళ్ళగానే పిల్లలతో సహా ఆ బంగారం ఆమె చేతుల మీదుగా తీసుకుని కాళ్ళు మొక్కండి.

బతుకమ్మను మాత్రం వదులుకోవద్దు. లింబాయత్‌లో మన ఆడవాళ్ళు ఉన్నారు, ఆడుకునే చోటూ ఉంది. మన పల్లెల్లో పూలు కోసుకొచ్చేది మగవాళ్ళే కదా, ఆ పని మీ ఆయనకు అప్పజెప్పు. రాత్రి డ్యూటీ అయితే పొద్దున ఏడు గంటలకు దిగి వచ్చేటప్పుడు మార్కెట్‌లో బంతి, చామంతి తెస్తాడు. తంగేడు గుజరాత్ మెట్ట నేలల్లోనూ పూస్తుంది, అక్కడ ‘ఆవళ్’ అని అడగాలి. సాయంత్రం ఆటకు రాలేకపోయినా, ఆ బతుకమ్మలో ఆయన తెచ్చిన పూలుంటాయి.

టికెట్ల సంగతి. అహ్మదాబాద్ నుంచి సూరత్ మీదుగా వరంగల్, విజయవాడ వెళ్ళే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ మీకు అనువైనది. రైల్వే 2024 నవంబర్ నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. అధిక జ్యేష్ఠం వచ్చినందున 2026లో పండుగలు ఆలస్యం, దీపావళి నవంబర్ 8న. నవంబర్ 6న బయలుదేరాలంటే సెప్టెంబర్ 7న, అంటే వినాయక చవితికి వారం ముందే టికెట్ తీయాలి. తిరుగు ప్రయాణం టికెట్ కూడా దాని లెక్కన అరవై రోజుల ముందే.

సందేహం: ఉధ్నాల మీటర్ లెక్కన కూలి పని. దీపావళికి మూడు వారాలు ఖాతా బంద్, అన్ని రోజులూ రూపాయి రాదు. ఊరికి పోతే ‘సూరత్ నుంచి వచ్చినవ్, చీర ఏది’ అని ప్రతి ఇంట్ల అడుగుతరు. సేఠ్ దగ్గర ఉపాడ్ (అడ్వాన్స్) తీస్కొని పోతున్న, తిరిగొచ్చినంక హోలీ దాకా కటింగే. పండుగ పేరు చెప్తేనే ఇంట్ల కొట్లాట అయితంది.
- ఒక కార్మిక సోదరుడు, ఉధ్నా

సమాధానం: తమ్ముడూ, మీ ఇంట్లో కొట్లాటకు కారణం పండుగ కాదు. మీకు వచ్చేది పదకొండు నెలల కూలి, ఖర్చు చేస్తున్నది పన్నెండు నెలలకు. ఆ పన్నెండో నెల ఖర్చు ప్రతిసారీ సేఠ్ పద్దులోకి ఎక్కుతోంది. పైగా ఆ అప్పు కోతపడేది దీపావళి తర్వాత, మార్కెట్ మందగించి మీటర్లు తక్కువ దిగే రోజుల్లో. ఉపాడ్ ఉన్నవాడు మీటర్ రేటు గురించి గట్టిగా అడగలేడు, ఇంకో ఖాతాలో మంచి కూలి ఉన్నా మారలేడు. వడ్డీ లేదు కదా అని దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఒక లెక్క వేద్దాం. ఇల్లు నెలకు 15,000తో నడుస్తుందనుకోండి. మూడు వారాలకు పదిన్నర వేలు. ప్రయాణాలు, బట్టలు, ఊళ్ళో ఖర్చు కలిపి ఇంకో అంత. మొత్తం 21,000 అవుతుంది. ఉగాది నుంచి దీపావళి దాకా సుమారు ఏడు నెలలు, నెలకు రెండు పగార్లయితే పద్నాలుగు. పగారుకు 1,600 పక్కన పెడితే 22,400. మీ కూలికి ఇది ఎక్కువనిపిస్తే సగంతో మొదలుపెట్టండి, ఉపాడ్ సగానికి తగ్గుతుంది. డబ్బు మీ భార్య పేరున బ్యాంకులో వేయండి. జేబులో ఉంటే నిలవదు, దగ్గరివాళ్ళు అడిగితే కాదనలేరు.

చీరల విషయంలో నా మాట కొంచెం కఠినంగా ఉంటుంది. చీరలు నేసే ఊళ్ళో ఉన్నంత మాత్రాన అందరికీ చీర పెట్టే స్తోమత ఉండదు. బయలుదేరే ముందే భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఎవరెవరికో పేర్లు రాసుకోండి: మీ అమ్మ, ఆమె అమ్మ, ఆడబిడ్డ. మిగతా ఇళ్ళకు పిల్లల చేతికి మిఠాయి పొట్లం ఇచ్చి పంపితే చాలు. ఆమె వైపు వాళ్ళకు ఎంత, మీ వైపు వాళ్ళకు ఎంత అన్న తకరారు రైల్లో కాదు, ఆ కాగితం మీదే తేలిపోవాలి.

బోనస్ అడిగారా? 20 మంది, అంతకు మించి పనిచేసే చోట, ఏడాదిలో కనీసం 30 రోజులు చేసిన, నిర్ణీత పరిమితి లోపు వేతనం ఉన్నవారికి వేతనంలో 8.33 శాతానికి తగ్గకుండా బోనస్ ఇవ్వాలని 1965 నాటి చట్టం చెప్పింది, కొత్త వేతన కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. మీటర్ కూలి అన్న కారణంతో అది పోదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం ఫ్యాక్టరీలో ఏడాదికి 180 రోజులు పనిచేస్తే, ప్రతి 20 రోజులకు ఒకరోజు జీతంతో సెలవు కూడా వస్తుంది. ఇంతకుముందు 240 రోజులు చేస్తేగానీ వచ్చేది కాదు. చిక్కు ఎక్కడంటే, ఒకే షెడ్డును ఇంటివాళ్ళ పేర్ల మీద ముక్కలుగా చూపించే యజమానులున్నారు, హాజరు పుస్తకంలో పేరే ఎక్కని కారీగర్లూ ఉన్నారు. అందుకే పగారు బ్యాంకు ఖాతాలోనో ఫోన్‌లోనో వేయమని అడగండి. రుజువు మిగులుతుంది. ఒక్కరే వెళ్ళి సేఠ్‌తో తగువు పెట్టుకోవద్దు. పదిమంది కలిసి కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్ళండి.

సందేహం: కొడుకు కోడలు సూరత్‌లో, మనవడు, మనవరాలు మా దగ్గర కరీంనగర్ జిల్లాలో చదువుతున్నరు. దసరా సెలవులకు ఇక్కడి పిల్లలు తల్లిదండ్రుల కోసం ఎదురుచూస్తరు, వాళ్ళు రారు. దీపావళికి వాళ్ళొస్తే పిల్లలకు బడి ఉంటది. ఆరేండ్ల మనవడు తండ్రిని చూసి నా వెనక దాక్కుంటడు.
- ఒక తాతగారు

సమాధానం: పెద్దాయనా, దీపావళి పండుగ మరునాటి నుంచి మూడు రోజులు పిల్లల్ని బడి మాన్పించండి. ముందే టీచరును కలిసి కారణం చెప్పండి. మూడు రోజుల పాఠం మళ్ళీ వస్తుంది. మిగతా రోజుల్లో బడికి దింపడం, తీసుకురావడం పూర్తిగా కొడుక్కే వదిలేయండి. దాక్కున్న పిల్లాణ్ణి ‘నాన్న దగ్గరికి పో’ అని తొయ్యకండి, కొడుకును చిన్నబుచ్చుకోవద్దనీ చెప్పండి. రోజూ సైకిల్ మీద వెనక కూర్చుంటే నాలుగో రోజుకు వాడే కబుర్లు మొదలుపెడతాడు.

ఇంకొక మాట. మగ్గాల హోరులో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకు వినికిడి తగ్గుతుంది, వాళ్ళకు తెలియకుండానే గొంతు పెద్దదవుతుంది. నాన్న అరుస్తున్నాడని పిల్లవాడు భయపడుతున్నాడేమో గమనించండి. ఈ రాకలో కొడుకును ఒకసారి చెవి డాక్టరుకు చూపించండి. వేసవిలో తెలంగాణ బడులకు నెలన్నర సెలవులుంటాయి కదా, అప్పుడు పిల్లల్నే సూరత్ పంపండి. ఇరుకు గది, ఎండ, తండ్రి పగటి నిద్ర, అన్నీ చూడనివ్వండి. తండ్రి ఎందుకు రాలేకపోతున్నాడో వాళ్ళకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

సందేహం: మావారు హజీరాలో ఒక ప్లాంట్‌లో షిఫ్ట్ ఇంజనీరు. మాది పాలకొల్లు వైపు. సంక్రాంతి మూడు రోజులూ ఇంట్లో ఉండాలని మామగారి పట్టుదల. వరుసగా మూడేళ్ళు సెలవు దొరకలేదు. సహోద్యోగులతో షిఫ్ట్ మార్చుకోమంటే మొహమాటపడతారు.
- ఒక గృహిణి, అడాజన్

సమాధానం: అమ్మా, అందులో మొహమాటం ఒక్కటే లేదు. కొలిమి, గ్యాస్ లైన్ పండుగకు ఆగవు. ఎవరో ఒకరు ఉండి తీరాలి. జనవరి 14 ఉత్తరాయణం నాడు గుజరాతీలు పొద్దున్నే మేడ ఎక్కితే పతంగులు వదిలి కిందికి రారు, 15న కూడా అదే సందడి. మీకు కావలసిన రోజులే వాళ్ళకూ కావాలి. సంక్రాంతికి షిఫ్ట్ మార్పిడి కుదరడం కష్టం అంటున్నది అందుకే.

దీపావళి సంగతి వేరు. ధన్‌తేరస్ నుంచి బెస్తు వరస్ (గుజరాతీ సంవత్సరాది), భాయ్ బీజ్ దాకా డ్యూటీ చేస్తామనేవాళ్ళ కోసం గుజరాతీ సహోద్యోగులు వెతుక్కుంటారు. మీవారు ఆ రోజులన్నీ తనే చేస్తానని రోస్టర్ వేసే అధికారికి ఆగస్టులోనే చెప్పి, బదులుగా ఏం కావాలో కూడా అప్పుడే రాసివ్వాలి. సంక్రాంతి మూడు రోజులూ అడిగితే రావు. కనుమ, ముక్కనుమ అడిగితే రావచ్చు. లేదా ఉగాది అడగండి. గుజరాతీలకు అది సంవత్సరాది కాదు, పోటీ ఉండదు. సింధీల చేటీచండ్ సెలవు కూడా ఆ రోజుకో మరునాటికో కలిసి వస్తుంది.

మామగారికి ఆరోగ్యం సహకరిస్తే ఒక్క ఏడాది సంక్రాంతికి వాళ్ళనే సూరత్ పిలవండి. పండుగ చేయాల్సింది పుట్టిన ఇంట్లోనే అని ఆయన అంటారు, అది న్యాయమైన మాటే. కానీ ఆ రోజుల్లో కొడుకు షిఫ్ట్ దిగి ఇంటికి వచ్చేసరికి తండ్రి ఎదురుగా ఉంటారు. చలికాలం కాబట్టి సూరత్ వాతావరణం పెద్దవాళ్ళను ఇబ్బంది పెట్టదు, లేత జొన్న పోంక్, ఉంధియు దొరికే రోజులు కూడా అవే. భోగి పళ్ళు, బొమ్మల కొలువు మీ అపార్ట్‌మెంట్‌లోనే పెట్టి పక్కింటివాళ్ళను పిలవండి. ఆ తర్వాతి ఏడాది మాత్రం మీరు వెళ్ళి తీరాలి. అది మాట ఇచ్చి నిలబెట్టుకోవలసిన విషయం.

సందేహం: ఇంట్లోనే చీరలకు దారాలు కత్తిరించే పని, రాళ్ళు అంటించే పని చేస్తా. దీపావళి ముందు మూటలు మూటలుగా ఇస్తరు. తొమ్మిదో తరగతి చదివే నా బిడ్డ రాత్రి పన్నెండు దాకా సాయం కూసుంటది. అప్పుడే దానికి పరీక్షలు. కాదంటే పని వేరేవాళ్ళకు ఇచ్చేస్తరని భయం.
- ఒక తల్లి, డిండోలీ

సమాధానం: అక్కా, మీ భయం నిజమే. ముక్క లెక్కన వచ్చే ఆ నాలుగు డబ్బులే పండుగ ఖర్చని నాకు తెలుసు. అయినా ఈ ఒక్క విషయంలో రాజీ వద్దంటాను. పగలంతా బడి, అర్ధరాత్రి దాకా రాళ్ళ పని చేసిన పిల్లకు పరీక్ష హాల్లో కళ్ళు మూతపడతాయి. పదో తరగతి ఏడాది దూరంలోనే ఉంది. ఇప్పుడు వెనకపడితే అప్పుడు అందుకోలేదు, ‘ఇక చదువు మాన్పించి పనిలో కూర్చోబెడదాం’ అనే మాట ఇంట్లో ఎవరో అనేస్తారు.

బిడ్డను బడి నుంచి పరీక్షల టైంటేబుల్ రాసుకు రమ్మనండి. మూటలు ఇచ్చే మనిషికి ఆ తేదీలు ఈ వారమే చూపించి, ఆ రోజుల్లో సగం మూటే తీసుకుంటాననీ, పరీక్షలు అయ్యాక మిగతాది పూర్తి చేస్తాననీ చెప్పండి. దీపావళి ముందు చేతులు దొరకని కాలంలో, శుభ్రంగా పనిచేసే మనిషిని వాళ్ళు అంత తొందరగా వదులుకోరు. అదే గల్లీలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఇదే పనిలో ఉంటే మూటలు పంచుకోండి. పరీక్ష లేని రోజుల్లో బిడ్డ గంటసేపు సాయం చేస్తే తప్పులేదు, తొమ్మిదిన్నరకు మాత్రం పని మీంచి లేపేయండి. మీ ఆయన పగలు డ్యూటీ అయితే, ఏడు దాటి వచ్చాక అన్నం వండే పని ఆ పదిహేను రోజులూ ఆయనదే అని చెప్పండి. నేను చెప్పానని చెప్పండి.