ఆవగింజంత విశ్వాసము

పాఠ్యభాగములు: లూకా 17:5, 6, మార్కు 9:17-27

ప్రియులారా, క్రిస్మసు కూటమునకైనను, కోత పండుగకైనను, గృహప్రార్థనకైనను వచ్చినవారికి మొదట పెట్టుటకు సెనగల గుగ్గిళ్లకంటె సుళువైనది లేదు. తెలంగాణములో వీటినే గుడాలందురు. ఇరువదిమందికి 1 కిలో సెనగలు చాలును. వాటిని రాత్రి నానబోసి, ఉదయమున ఆ నీరు వంపి, క్రొత్తనీటిలో మెత్తగా ఉడికించి, ఉప్పువేసి, నీరు వార్చవలెను. బాణలిలో 4 చెంచాల నూనె కాగిన తరువాత 2 చిన్న చెంచాల ఆవాలు వేయవలెను. అవి చిటపటలాడగానే ఎండుమిరపకాయలు, కరివేపాకు వేసి, సెనగలు కలిపి దింపవలెను. పైన కొబ్బరికోరు చల్లి, నిమ్మకాయ పిండినయెడల మరింత రుచి.

ఆ గిన్నెలో అన్నిటికంటె చిన్నది ఆవగింజ. చల్లని నూనెలో గుప్పెడు ఆవాలు వేసినను అవి ఊరకుండును. కాగిన నూనెలో ఒక్క గింజ పడినను, దానిలోని కొద్దిపాటి తేమ ఆవిరియై పైపొట్టు చిట్లును. దాని వాసన నూనెకు పట్టి గిన్నెంతటికి వచ్చును. గింజ ఎంతటిదో కాదు, ఎక్కడ పడినదో చూడవలెను.

అపొస్తలులు తమ విశ్వాసము వృద్ధిచేయుమని ప్రభువును అడిగినప్పుడు ఆయన వారికి ఆవగింజను చూపెను. విశ్వాసమునకు బలము దాని కొలతవలన రాదు. మనము ఎవరిని నమ్ముచున్నామో ఆయనవలన వచ్చును. మార్కు సువార్తలోని ఆ తండ్రి తన కుమారునికొరకు వచ్చి, నమ్మకమును అపనమ్మకమును ఒక్క నోటనే ఒప్పుకొనెను. ప్రభువు అతనిని, విశ్వాసము పెరిగిన తరువాత రమ్మని పంపివేయలేదు. ఆ చిన్నవానిని స్వస్థపరచెను.

ఇది మన సంఘములలో మిక్కిలి అవసరమైన పాఠము. బిడ్డ జబ్బు నయముకాని తల్లితోను, పంట పోయి అప్పులలో నున్న రైతుతోను, నీకు విశ్వాసము చాలలేదని చెప్పువారు మనలో కలరు. ఆ మాట గాయముమీద కారము చల్లినట్లుండును. అట్టి మాట విని గుడికి రావడమే మానుకొన్నవారున్నారు. పౌలు తన శరీరములోని ముల్లు తొలగవలెనని ముమ్మారు వేడుకొనెను. అది తొలగలేదు గాని కృప చాలునను వాగ్దానము దొరకెను (2 కొరింథీ 12:7-9). పౌలుకు విశ్వాసము తక్కువని ఎవరనగలరు? పొరుగువాని విశ్వాసమును తూచు త్రాసు దేవుడు మన చేతికియ్యలేదు. జబ్బుగానున్నవారిని వైద్యుని యొద్దకు తీసికొనిపోవుటయు, వారికొరకు ప్రార్థించుటయు మన పని.

కాబట్టి విశ్వాసము పెద్దదగువరకు ఎదురుచూడక, ఉన్న కొంచెమును నేడే ప్రభువునకు అప్పగింతము. ఈ నెల కూటమునకు రాలేకపోయిన యింటికి ఒక గిన్నెడు గుగ్గిళ్లు తీసికొనిపోయి, వారితో కూర్చుండి, వారి మాట విని, ప్రార్థించి వత్తము.

ఆలోచించుడి: మన సంఘములో ఎవరు రావడము మానిరి? వారియొద్దకు మనలో ఎవరు వెళ్లుదురు?