అమ్మాయికి అప్పు సంగతి చెప్పు

అల్లుడూ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. మిర్చి అమ్మిన దగ్గర్నుంచి నువ్వు సరిగా తినట్లేదట, అర్ధరాత్రి లేచి వాకిట్లో తిరుగుతున్నావట. అడిగితే ‘ఏం లేదు’ అంటున్నావట. మన ఇళ్లలో మగపిల్లాడికి ముందుగా వచ్చే మాట అదేలే. మోకాలు పగిలి ఏడిస్తే ‘ఆడపిల్లలా ఏంట్రా’ అని గదమాయిస్తారు. వాడు ముప్పై ఏళ్లకి కూడా నోరు విప్పడు.

నీది కౌలు సేద్యం. భూమి నీ పేరున లేదని బ్యాంకు ముఖం చూడదు. పెట్టుబడికి పురుగుమందుల కొట్టు, వడ్డీ వ్యాపారే దిక్కు. తీరా సరుకు యార్డుకి తెచ్చేసరికి ధర లేదు. ఇందులో నీ మగతనానికి వచ్చిన లోటేమిటి? ఎంత అప్పుందో అమ్మాయికి చెప్పలేదని నా అనుమానం. డ్వాక్రా లెక్కలు చూసుకునే మనిషి ఆమె, నీ లెక్క వింటే బెంబేలెత్తిపోదు.

నా భయం ఎందుకో చెప్తా విను. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పింది. వాళ్లలో 1,22,724 మంది మగవాళ్లు. డిప్రెషన్ ఆడవాళ్లలోనే ఎక్కువంటారు డాక్టర్లు, చావులేమో మనవైపు ఎక్కువ. ఒక్క కారణమని చెప్పలేం గానీ, ఆడవాళ్లు అక్క దగ్గరో పక్కింటావిడ దగ్గరో చెప్పుకుని ఏడుస్తారు. మనం బెల్టు షాపుకి పోతాం. తాగితే నిద్ర పడుతుందనుకోకు. దిగులు ఇంకా పెరుగుతుంది, తెగింపు వస్తుంది.

సూటిగా అడుగుతున్నా, చచ్చిపోవాలనిపిస్తోందా? ఇలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ల భయం. పుట్టదు. అనిపిస్తుంటే ఏ వేళప్పుడైనా నాకు ఫోన్ చెయ్యి. నాతో చెప్పుకోలేకపోతే 14416కి చెయ్యి. టెలిమానస్ అని ప్రభుత్వానిదే, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించుకుందామన్నా నేను తోడొస్తా. చేనుకి కొట్టే మందులు మాత్రం ఇంట్లో ఉంచకు. మీ బాబాయికిచ్చి తాళం వేయించు.

ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తున్నా. అప్పు కాగితాలన్నీ తీసిపెట్టు, ముగ్గురం కూర్చుని ఎవరికెంతో చూద్దాం. నేనొచ్చేలోపే అమ్మాయికి నువ్వే చెప్పెయ్యి.

మీ మామయ్య